వేసుకుంటున్నానండీ

మా పెద్దమ్మ కూతురు లెక్కల్లో దిట్ట. తెనాలిలో వాళ్ళింటి అరుగు మీద సాయంత్రమయ్యేసరికి పదో తరగతి పిల్లలు పుస్తకాలు పట్టుకుని చేరేవాళ్ళు. ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే పక్కవాడి నోట్సు తనవైపు తిప్పుకుని, "ఇక్కడుండాల్సిన మైనస్ ఏదిరా, కాకెత్తుకుపోయిందా?" అనేది. బి.ఎడ్. కాగానే డీఎస్సీ రాయాలి, గవర్నమెంటు టీచరు కావాలి, పెళ్ళి సంగతి ఆ తర్వాత చూద్దాం అనేది. పెద్దమ్మ సరేనంది. పెదనాన్న నవ్వి ఊరుకున్నాడు.

2014 ఎండాకాలంలో పొద్దున లేచేసరికి అక్క చేతివేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. జడ వేసుకోవాలంటే గంటసేపు ఆగాల్సి వచ్చేది. తర్వాత విడవని జ్వరం. ఒకాయన టైఫాయిడ్ అన్నాడు, ఇంకొకాయన కీళ్ళవాతం అన్నాడు. నోట్లో పుళ్ళు లేచాయి, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడివచ్చింది. ఎండలోకి వెళ్తే బుగ్గలమీదా ముక్కుమీదా ఎర్రగా కందేది. మేనత్త చూసి మంగు అని తేల్చి పసుపూ గంధం రాయించింది. గుంటూరు, విజయవాడ తిరిగి తిరిగి, చివరికి హైదరాబాద్‌లో కీళ్ళ జబ్బుల స్పెషలిస్టు దగ్గరికి చేరారు. ఆయన రక్తంలో ఏఎన్ఏ, డీఎస్ డీఎన్ఏ పరీక్షలు చేయించి లూపస్ అని చెప్పాడు.

మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి మన ఒంటిమీదే తిరగబడే జబ్బు ఇది. చర్మం, కీళ్ళు, రక్తకణాలు, గుండె చుట్టూ పొర, మూత్రపిండాలు, దేన్ని పట్టుకుంటుందో ముందుగా చెప్పలేరు. ఈ జబ్బున్న పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే, అందులోనూ ఎక్కువమంది పిల్లల్ని కనే వయసులోని వాళ్ళు. పూర్తిగా నయం కాదు గానీ అదుపులో ఉంచవచ్చు. అదుపులో ఉంచే మందుల్లో బాగా పాతదీ, చవకదీ, లూపస్ ఉన్న దాదాపు ప్రతి మనిషికీ రాసేదీ హైడ్రాక్సీక్లోరోక్విన్. అక్కకు రోజుకొక 200 మిల్లీగ్రాముల బిళ్ళ రాశారు.

అసలిది మలేరియా మందుల కుటుంబంలోది. లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రి డాక్టరు పేన్ 1894లోనే లూపస్ మచ్చలకు క్వినైన్ వాడి చూశాడు. రెండో ప్రపంచయుద్ధంలో మలేరియా రాకుండా సైనికుల చేత మెపాక్రిన్ మింగిస్తే, వాళ్ళలో కొందరికి ఒంటిమీది దద్దుర్లూ కీళ్ళ నొప్పులూ తగ్గాయి. 1951లో పేజ్ అనే డాక్టరు ఆ మందుతో లూపస్ రోగులు కోలుకున్న వైనం లాన్సెట్‌లో రాశాడు. హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 1955లో. ఇంత చరిత్ర ఉన్న బిళ్ళ, ఒక్కోటి టీ ఖరీదంత కూడా ఉండదు. అయితే తెనాలి మందుల షాపులో కుర్రాడికి ఇదంతా తెలియదు. చీటీ చూసి, స్ట్రిప్పు తీసి గాజుబల్ల మీద పెట్టి, పదిమంది ముందూ, "ఇది మలేరియాకండీ. నెల రోజులకు రాశారేంటి? కళ్ళు పోతాయి, డాక్టరుగారినొకసారి అడగండి," అన్నాడు.

వాడిది పూర్తిగా అబద్ధం కాదు. ఈ మందు ఏళ్ళ తరబడి వాడితే కొందరికి కంటి వెనక రెటీనా దెబ్బతింటుంది. అందుకే మనిషి బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మొదట్లో ఒకసారి, అయిదేళ్ళు దాటాక ఏటా కళ్ళు చూపించుకోమంటారు. ఆ మోతాదులో ఉంటే మొదటి పదేళ్ళలో నూటికి ఇద్దరికి కూడా ఆ ఇబ్బంది రాదని కంటి డాక్టర్లే లెక్క తేల్చారు. షాపులో చెప్పిన సగం మాటే అక్క చెవిలో ఉండిపోయింది. అయినా అప్పట్లో వేసుకుంది. ఆర్నెల్లలో వేళ్ళు విచ్చుకున్నాయి, జుట్టు నిలబడింది, అరుగుమీద మళ్ళీ పిల్లలు చేరారు. బి.ఎడ్. పూర్తయింది.

2016లో సంబంధం వచ్చింది. నరసరావుపేట, మంచి కుటుంబం, అబ్బాయి బ్యాంకులో చేస్తున్నాడు. పెళ్ళిచూపులకు ముందురోజు రాత్రి మేనత్త, పెద్దమ్మ, అక్క వంటింట్లో కూర్చున్నారు. ఇప్పుడు బాగానే ఉంది కదా, చెప్తే ఈ సంబంధమే కాదు ఇంకే సంబంధమూ రాదు, పెళ్ళయ్యాక మెల్లిగా చెప్పుకోవచ్చు అని తీర్మానం చేశారు. అలాంటి తీర్మానాలు మన ఇళ్ళల్లో ఎన్ని జరుగుతాయో అందరికీ తెలుసు. పెద్దమ్మను ఈ రోజుకీ నేను తప్పుపట్టలేను. కానీ లెక్క తప్పడం అక్కడే మొదలైంది.

కొత్త కాపురంలో బిళ్ళలు ఎక్కడ దాచాలి? పౌడరు డబ్బాలో దాచింది. పొద్దున వంటింట్లో అత్తగారు, గదిలో బావ, పెరట్లో ఆడపడుచు. ఒక్కతే ఉండే క్షణం దొరకాలి. దొరికినరోజు వేసుకునేది, లేనిరోజు లేదు. కొన్నాళ్ళకు దొరికినరోజున కూడా వేసుకోలేదు. చిత్రమేమిటంటే, ఏమీ కాలేదు.

ఏమీ కాకపోవడానికి కారణం ఆ మందు స్వభావంలోనే ఉంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒంట్లోకి మెల్లిగా ఎక్కుతుంది, మెల్లిగానే దిగుతుంది. రక్తంలో ఉన్నదాంట్లో సగం తగ్గడానికి సుమారు నలభై రోజులు పడుతుంది. పని మొదలుపెట్టడానికి నెలలు పట్టినట్టే, మానేశాక దాని రక్షణ పూర్తిగా తొలగడానికీ నెలలు పడుతుంది. మానేసిన మనిషికి వారం గడిచినా బాగానే ఉంటుంది, నెల గడిచినా బాగానే ఉంటుంది. "చూశావా, అది లేకపోయినా నేను బాగానే ఉన్నాను" అనిపిస్తుంది. కెనడాలో దీన్నే పరీక్షించి చూసి 1991లో ఫలితం చెప్పారు. జబ్బు నిలకడగా ఉన్న 47 మందిని తీసుకుని కొందరికి మందు కొనసాగించారు, మిగతావాళ్ళకు తెలియకుండా ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. 24 వారాల్లో ఉత్తుత్తి బిళ్ళ మింగినవాళ్ళకు జబ్బు తిరగబెట్టే ప్రమాదం రెండున్నర రెట్లు పెరిగింది. అక్కకు కూడా అంతే అయింది, కాస్త ఆలస్యంగా. 2017 శ్రావణమాసంలో నోములకని పుట్టింటికి వచ్చిన మనిషి మంచం మీంచి లేవలేకపోయింది. మొహమంతా ఎర్రటి మచ్చలు. దాచిపెట్టింది బయటపడింది.

అత్తగారు గొడవ చేసే మనిషి కాదు. అదే ఇంకా కష్టమైందని అక్క తర్వాత చెప్పింది. "మా వాడికి రాసిపెట్టి ఉంది" అన్న ఒక్కమాట అని, ఆ పూట నుంచి కోడల్ని తానే ఆస్పత్రికి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. నెలనెలా నరసరావుపేట నుంచి హైదరాబాద్ బస్సు. బావ మందులు తెచ్చిపెట్టేవాడు, ఒక్క నెల కూడా తప్పలేదు. ఇప్పుడు దాచాల్సిన పనిలేదు, డబ్బుకు లోటులేదు, మందు ఎదురుగానే ఉంది. అక్క వేసుకోలేదు.

ఎందుకు వేసుకోలేదో ఒక్కముక్కలో చెప్పే కారణం నాకు దొరకలేదు. స్టెరాయిడ్ వల్ల మొహం గుండ్రంగా ఉబ్బింది, పెళ్ళి ఫొటోలు చూసినవాళ్ళు పోల్చుకోలేకపోయారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ కొందరికి చర్మం రంగు మారుస్తుంది. కాళ్ళమీద నల్లటి నీలపు మరకలు వస్తాయి. అవి వచ్చాయని ఆమె అనుకుంది. మందులు వేడి చేస్తాయి, కడుపు నిలవదు అని ఆడపడుచు అత్తవారింటి నుంచి కబురొచ్చింది. నిజానికి గర్భంతో ఉన్నప్పుడు కూడా మానొద్దని చెప్పే లూపస్ మందు ఇదే. ఆ కాలంలో మానాల్సినవి వేరే ఉన్నాయి. వేటిని మానాలో వేటిని మానకూడదో విడమరిచి చెప్పినవాళ్ళు లేక, అన్నిటినీ ఒకే గాటన కట్టేసింది. 2018లో నాలుగో నెలలో గర్భం పోయింది. అన్నిటికన్నా లోపలి కారణం మాత్రం ఆమె నోటనే విన్నాను. "ఆ బిళ్ళ చేతిలోకి తీసుకుంటే చాలే, మోసం చేసి ఈ ఇంట్లో అడుగుపెట్టావు అని ఎవరో గుర్తు చేసినట్టుండేది. వేసుకోకపోతే ఆ పూటకి నేను మామూలు మనిషిని."

ఇక ఆస్పత్రి. ఓపీలో టోకెను తీసుకుని కూర్చుంటే మధ్యాహ్నానికి పిలుపొస్తుంది. లోపల రెండు మూడు నిమిషాలు. బల్లకు అటు డాక్టరు, ఇటు అక్క, పక్క కుర్చీలో ఒళ్ళో ఫైలు పెట్టుకుని అత్తగారు, వెనక నిలబడి బావ, తలుపు సందులోంచి తొంగిచూస్తూ తర్వాతి టోకెను మనిషి. డాక్టరు ఫైల్లోంచి తలెత్తకుండానే అడుగుతాడు:

"మందులు సరిగ్గా వేసుకుంటున్నావామ్మా?"

"వేసుకుంటున్నానండీ."

ఆ గదిలో ఆ ప్రశ్నకు ఇంకో జవాబు ఎలా చెప్పాలి? ఇంతింత ఖర్చుపెట్టి తెచ్చిన మొగుడు వెనక ఉన్నాడు, పనులు మానుకుని వచ్చిన అత్తగారు పక్కన ఉంది. దీన్ని అబద్ధమనడానికి నాకు మనసు రాదు. ఆ ప్రశ్న అడిగిన తీరులోనే జవాబు ఉంది, ఆమె దాన్ని తిరిగి అప్పజెప్పింది. డాక్టరు కూడా చెడ్డవాడు కాదు. బయట ఇంకా అరవైమంది ఉన్నారు. మందులు వేసుకుంటున్నా జబ్బు పెరుగుతోంది కాబట్టి ఆయన చదువు చెప్పినట్టే చేశాడు, మోతాదు పెంచాడు. స్టెరాయిడ్ పెరిగింది. అజాథయోప్రిన్ చేరింది. 2019లో మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలైంది. పొద్దున లేస్తే కాళ్ళు వాచి ఉండేవి, పట్టీలు పట్టేవి కావు. కిడ్నీలోంచి చిన్నముక్క తీసి పరీక్షిస్తే నాలుగో తరగతి లూపస్ నెఫ్రైటిస్ అన్నారు, తీవ్రమైన రకం. నెలకొకటి చొప్పున సైక్లోఫాస్ఫమైడ్ సెలైన్లు ఎక్కించారు. ఆ తర్వాత మైకోఫినొలేట్ బిళ్ళలు, పూటకు ఇన్ని. సెలైన్లో ఎక్కించినంత కాలం కొంత తగ్గింది. నోటితో మింగే మందుల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. ఈ ఒక్క తేడా చాలు అనుమానం రావడానికి. ఎవరికీ రాలేదు.

2020 మార్చిలో ఒక వింత జరిగింది. కోవిడ్‌కు హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందని అమెరికా అధ్యక్షుడే మైకుల ముందు పొగిడాడు. ఇక్కడ ఐసీఎంఆర్ ఆరోగ్య సిబ్బందికీ, రోగులతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకూ ముందుజాగ్రత్తగా వాడవచ్చంది. మార్చి 25న కేంద్రం దాని ఎగుమతి ఆపింది, మర్నాడు చీటీ లేకుండా అమ్మకూడదని హెచ్1 షెడ్యూల్లో చేర్చింది. అప్పటికే షాపుల్లో ఖాళీ. ఏళ్ళ తరబడి దానిమీదే బతుకుతున్న లూపస్ రోగులు, రుమటాయిడ్ రోగులు ఊరూరా ఫోన్లు చేసుకుంటూ వెతుక్కున్నారు. కోవిడ్‌కు అది పనికిరాదని తర్వాత పెద్ద పరీక్షల్లో తేలింది గానీ, అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

లాక్‌డౌన్ మొదలైన వారంలో బావ మేనమామ గుమ్మం బయటే నిలబడి, మూతికి తువ్వాలు కట్టుకుని, "అమ్మాయి వేసుకునే ఆ బిళ్ళలేవో ఉంటే రెండు సర్దండి" అని అడిగాడు. అక్క లోపలికెళ్ళి పెళ్ళినాటి ట్రంకుపెట్టె తెరిచింది. పట్టుచీరల కింద, నాఫ్తలీన్ ఉండల పక్కన, స్ట్రిప్పులు. ఒక్కటి కూడా చింపనివి. రబ్బరుబ్యాండు వేసి నెలవారీగా కట్టలు కట్టి పెట్టింది. లెక్కల మనిషి కదా, పారెయ్యడానికి కూడా మనసొప్పలేదు. ఒక కట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మర్నాడు ఎదురింటివాళ్ళు అడిగారు. తర్వాత బావ బ్యాంకులో మేనేజరు. ఊళ్ళో ఎక్కడా దొరకని మందు వాళ్ళింట్లో దొరుకుతోందని వీధంతా తెలిసింది. అత్తగారికి ఎప్పుడూ లేనంత గర్వం. "మా కోడలి పుణ్యం" అని నాకు ఫోన్లో కూడా చెప్పింది. ఇన్ని బిళ్ళలు ఎలా మిగిలాయని ఒక్కరూ అడగలేదు. అడుగుతారేమోనని ఆ వారమంతా ఎదురుచూశానని అక్క అంది. భయంతోనా, ఆశతోనా అంటే జవాబు చెప్పలేదు.

రోగి మందు మింగిందో లేదో రక్తాన్నే అడగవచ్చన్న సంగతి అప్పటికి కొత్తది కాదు. పారిస్‌లో కోస్తెదోవా షాల్యూమో అనే డాక్టరమ్మ, ఆమె తోటివారు లూపస్ రోగుల రక్తంలో ఈ మందు ఎంతుందో కొలవడం మొదలుపెట్టారు. మామూలుగా వేసుకునేవాళ్ళలో మిల్లీలీటరు రక్తానికి 1000 నానోగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అంతకన్నా తక్కువున్నవాళ్ళకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 2006లో చెప్పారు. మరుసటి ఏడాది 203 మందిని చూస్తే 14 మందిలో దాదాపు మందే లేదు. సగటున 26 నానోగ్రాములు. ఆ అంకె ముందుపెట్టి మెల్లిగా మాట్లాడితే, వేసుకోవడం లేదనీ, వేసుకున్నా వారానికి ఒకటో రెండో అనీ వాళ్ళే ఒప్పుకున్నారు. అప్పటినుంచి 200 లోపు ఉంటే మనిషి మందు ముట్టడం లేదనే అర్థం చేసుకుంటున్నారు. ఆ తర్వాత పలు దేశాల్లో, జబ్బు తిరగబెట్టిన 305 మందిని చూస్తే ఇంచుమించు 18 శాతం మంది ఈ గీత కిందే తేలారు. ఫ్రాన్సులోనూ, అంత డబ్బున్న మిగతా దేశాల్లోనూ ఇదే వరస. మన నరసరావుపేట అత్తగార్ల వల్లనే జరుగుతోందని నేను రాస్తున్నట్టు ఎవరూ అనుకోవద్దు.

ఈ పరీక్షకు ఒక సుగుణముంది. మందు అంత మెల్లిగా దిగుతుంది కాబట్టి దీన్ని మోసం చేయడం కుదరదు. మైకోఫినొలేట్‌లాంటివి ఒంట్లో ఎక్కువసేపు నిలవవు. ఆస్పత్రికి బయల్దేరే ముందు ఒక పూట వేసుకుంటే చాలు, రక్తంలో కనిపిస్తాయి. హైడ్రాక్సీక్లోరోక్విన్ అంకె వెనకటి వారాలూ నెలల చరిత్ర చెబుతుంది. అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. తక్కువున్నవాళ్ళకు మోతాదు పెంచితే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందేమోనని ఫ్రాన్సులోనే పెద్ద పరీక్ష చేసి 2013లో ఫలితం చెప్పారు. తగ్గలేదు. ఒక మాదిరిగా తక్కువుంటే అది మనిషి తప్పు కాకపోవచ్చు, ఒంటి తత్వం కావచ్చు. అసలు మందే లేనప్పుడు మాత్రం ఆ అంకె స్పష్టంగా మాట్లాడుతుంది. దాన్ని పట్టుకుని రోగిని నిలదీసే డాక్టరు చేతిలో పడితే ఇది ఇంకో పోలీసు స్టేషనే అవుతుందని నా భయం. అది వేరే సంగతి.

2021లో ఆ ఆస్పత్రికి ఒక కొత్త డాక్టరమ్మ వచ్చింది, చిన్న వయసు. అక్క ఫైలు మొదటి పేజీ నుంచి చదివింది. రితుక్సిమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షను మొదలుపెట్టాలని అప్పటికే పెద్ద డాక్టరు రాసి ఉన్నాడు. ఆవిడ అత్తగారిని, "అమ్మా, కింద కౌంటర్లో ఈ రసీదు మార్పించుకురండి" అని పంపించింది. బావను కూడా. తలుపు వేసింది. "రోజూ వేసుకోవడం చాలామందికి కుదరదు. నీకు వారంలో ఎన్నిరోజులు తప్పుతోంది?" అని అడిగింది.

అప్పుడు కూడా అక్క నోట పాతమాటే వచ్చింది. "వేసుకుంటున్నానండీ."

ఆవిడ ఇంకేం అనలేదు. రక్తం తీయించింది. ఆ పరీక్ష చేసే ల్యాబు దగ్గర్లో లేదు, నమూనా వేరే రాష్ట్రం వెళ్ళింది. తిరిగొచ్చిన కాగితంలో హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎదురుగా ఉన్నది, కొలతకు అందనంత తక్కువ అని. కిడ్నీలు దెబ్బతిన్న మనిషిలో మందు బయటికి పోక నిజానికి అంకె ఎక్కువగా కనిపించాలి. ఆ కాగితాన్ని డాక్టరమ్మ పైకి చదవలేదు. అక్క వైపు తిప్పి బల్లమీద పెట్టి, పెన్ను మూతతో ఆ వరుస చూపించి, "ఇది నీకూ నాకూ మధ్యే ఉంటుంది. ఇప్పుడు ఏం చేద్దాం?" అంది.

"లెక్కల్లో నాకు సున్నా వచ్చింది ఆ ఒక్కసారేనే" అని అక్క నవ్వుతూ చెప్పింది నాకు, ఏడాది తర్వాత, డయాలసిస్ మంచం మీద. నాకీ కథంతా తెలిసింది ఆ మంచం పక్కనే. నాలుగు గంటలపాటు కదలకుండా పడుకోవాలి, మెడ దగ్గరి గొట్టం మిషనుకు తగిలించి ఉంటుంది, మాట్లాడటం తప్ప చేసేదేముంది. ఆమె ఏదీ దాచుకోలేదు, ఎవరినీ తిట్టలేదు కూడా. నేనే అక్కడక్కడా అత్తగారిని ఏదో అనబోతే, "ఆవిడ నాకోసం తిన్న బస్సు దెబ్బలు నీకేం తెలుసే" అని కసిరింది.

ఆ కాగితం వచ్చిన రోజు నుంచి మందులన్నీ వేసుకుంది. డాక్టరమ్మ ఒక పద్ధతి పెట్టింది. బిళ్ళ పొద్దున కాదు, రాత్రి పళ్ళు తోముకున్నాక, ఒంటరిగా ఉన్నప్పుడే. తప్పినరోజు క్యాలెండరులో చిన్న చుక్క పెట్టాలి, క్షమాపణ చెప్పక్కర్లేదు. కొన్ని నెలలకు మళ్ళీ రక్తం పంపితే అంకె వెయ్యి దాటింది. ఆ రిపోర్టును పదో తరగతి మార్కుల లిస్టులా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నాకు చూపించింది. మొహంమీద మచ్చలు తగ్గాయి, జ్వరాలు ఆగాయి, జుట్టు కాస్త వచ్చింది. మందు పనిచేసింది. అదంతా జరుగుతుండగానే, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ మాత్రం పెరుగుతూ పోయింది. రెండోసారి చేసిన బయాప్సీలో మంట తక్కువ, మచ్చ ఎక్కువ. మంటను మందు ఆర్పగలదు. మచ్చకట్టిన కిడ్నీని ఏ మందూ వెనక్కి తేలేదు.

కిడ్నీ మార్పిడికి పెద్దమ్మ ముందుకొచ్చింది, షుగరుందని వద్దన్నారు. పేరు జాబితాలో రాయించారు. 2022 వర్షాకాలంలో మెడ దగ్గర పెట్టిన డయాలసిస్ గొట్టానికి ఇన్ఫెక్షను సోకి రక్తంలోకి పాకింది. ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లతో అణిగిపోయిన ఒళ్ళు తట్టుకోలేదు. మూడోరోజు తెల్లవారుజామున పోయింది. ముప్ఫై ఏళ్ళు. డీఎస్సీ రాయనేలేదు.

పెద్దమ్మ ఇప్పటికీ "మా అమ్మాయికి మందులు పడలేదమ్మా" అంటుంది వచ్చినవాళ్ళతో. ట్రంకుపెట్టె సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆస్పత్రి ఇచ్చిన ఆఖరి కాగితం కూడా ఇంచుమించు పెద్దమ్మ మాటే చెబుతోంది. రోగనిర్ధారణ దగ్గర, మందులకు లొంగని లూపస్ నెఫ్రైటిస్ అని ఉంది. వాడిన మందుల జాబితాలో మొదటి వరుస: హైడ్రాక్సీక్లోరోక్విన్, 2014 నుంచి క్రమం తప్పకుండా. ఒక డిశ్చార్జి కాగితంలోంచి ఇంకో దాంట్లోకి, అందులోంచి మరోదాంట్లోకి ఎక్కించుకుంటూ వచ్చిన వాక్యం అది. కొలతకు అందని అంకె ఉన్న రిపోర్టు అదే ఫైల్లో, నాలుగు కాగితాల కింద ఉంది. రేపెవరైనా ఆ ఆస్పత్రి ఫైళ్ళు తిరగేసి ఏ మందు ఎంతమందికి పనిచేసింది, ఎంతమందికి చేయలేదు అని లెక్కవేస్తే, అక్క చేయని వాళ్ళ గడిలో పడుతుంది.

కోవిడ్ భయంతో బావ 2020 చివర్లో ఆమె పేర ఒక జీవిత బీమా తీసుకున్నాడు. ప్రతిపాదన ఫారంలో జబ్బులేమీ లేవని రాశాడు. క్లెయిముకు ఆ ఫైలంతా జిరాక్సు తీసి ఇస్తే, మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. పాలసీకి ముందే, 2014 నుంచి, లూపస్‌కు క్రమం తప్పకుండా మందులు వాడుతున్న విషయం దాచారు కాబట్టి క్లెయిము తిరస్కరిస్తున్నామని. ఆ వాక్యం కింద ఎర్ర ఇంకుతో గీత గీసి, ఆ కాగితాన్ని జతచేశారు. అన్నేళ్ళలో దాన్ని అంత శ్రద్ధగా చదివింది వాళ్ళే.